పిల్లల గదికి ఊరి రంగులు

పిల్లలు పడుకునే గదిలో గోడ రంగు మొదలుకొని దుప్పటి అంచు దాకా ప్రతి వస్తువునూ ఒకే భావం చుట్టూ అమర్చే పద్ధతిని గృహాలంకరణ నిపుణులు ‘థీమ్’ అంటారు. కథలో ఇతివృత్తం చేసే పనినే గదిలో ఈ థీమ్ చేస్తుంది. అడవి, సముద్రం, అంతరిక్షం, రాకుమారి కోట, రేసు కారు, ఏదో ఒక కార్టూన్ పాత్ర వంటివే పెయింటు కంపెనీల కేటలాగుల్లోనూ, బెంగళూరు ఫర్నిచర్ దుకాణాల్లోనూ, ఫోన్ తెరల మీదా మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో కొత్తగా ఇల్లు కట్టుకుంటూ పిల్లల కోసం విడిగా ఒక గది కేటాయించగలుగుతున్న కుటుంబాలు కూడా చాలావరకు వీటిలోంచే ఒకదాన్ని ఎంచుకుంటున్నాయి.

అందులో తప్పేమీ లేదు. ఎన్నడూ చూడని సముద్రాన్ని ఊహించుకునే స్వేచ్ఛ పెన్నా ఒడ్డున ఇసుకలో ఆడుకునే పిల్లకూ ఉంది. అయితే థీమ్ ఎంపికలో సాధారణంగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: గోడ మీది బొమ్మను చూపించి బిడ్డ ‘తర్వాత ఏమైంది?’ అని అడిగితే, ఆ ఇంట్లో జవాబు చెప్పగలిగేవారు ఉన్నారా? కథ చెప్పడానికి అవ్వకో తాతకో అవకాశమిచ్చే బొమ్మ ఏళ్ల తరబడి గదిలో నిలుస్తుంది. ఆ అవకాశమివ్వని బొమ్మ ఆర్నెల్లకే వట్టి రంగు కాగితమైపోతుంది. ఈ కొలతతో చూస్తే, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్నంత సామగ్రి ఏ కేటలాగులోనూ దొరకదు.

ఈ ప్రాంతపు పాత ఇళ్లలో పిల్లలకు ప్రత్యేకంగా గది అంటూ ఉండేది కాదు. మట్టి మిద్దెల కింద పెద్దల పక్కనే చాపలు పరిచేవారు. ధర్మవరం నేతన్నల ఇళ్లలోనైతే మగ్గం గుంట ఉన్న గదిలోనే సంసారమంతా సాగేది. ఎండాకాలం వస్తే పడకలు మిద్దె పైకి చేరేవి. అంతమాత్రాన పిల్లల చుట్టూ అలంకరణ లేదనుకోవడం పొరపాటు. ఉయ్యాల పైన కట్టే గుడ్డ చిలకలనే చూడవచ్చు. పుట్టిన బిడ్డ కంటికి సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుందనీ, పక్కపక్క రంగుల మధ్య తేడా బాగా ఉంటేనే ఆ చూపు నిలుస్తుందనీ శిశు వైద్యులు చెబుతారు. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు గల చిలకలు గాలికి మెల్లగా తిరుగుతుంటే ఆ చూపుకు కావలసినదంతా అందులోనే ఉంది. పిల్లలు కాస్త ఎదిగాక బొమ్మల కొలువు వచ్చేది. మెట్లు కట్టడం, గుడ్డ పరచడం, ఏ బొమ్మ పక్కన ఏది పెట్టాలో వాదులాడుకోవడం, పండుగ అయ్యాక అన్నీ పెట్టెలో సర్దేయడం ఇందులో భాగం. ఇంట్లో ఒక మూలకు పిల్లల చేతులతోనే ఒక ఇతివృత్తాన్ని ఇచ్చి, దాన్ని ఏటా మార్చుకునే ఈ ఏర్పాటులో నేటి గదికి పనికొచ్చే సూత్రం ఉంది: కథను గోడకు శాశ్వతంగా అంటించకూడదు, తీసి పెట్టుకోగలిగే వస్తువుల్లో ఉంచాలి.

ఈ సూత్రానికి మరోవైపు నుంచి కూడా బలం దొరికింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా ఫిషర్, కారీ గాడ్విన్, హోవర్డ్ సెల్ట్‌మన్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు సైన్సు పాఠాలు కొన్నింటిని బొమ్మలతో నిండిన గదిలోనూ, కొన్నింటిని గోడలు ఖాళీగా ఉన్న గదిలోనూ చెప్పారు; ఖాళీ గోడల గదిలో నేర్చుకున్న పాఠాలకు పిల్లలు 55 శాతం సరైన జవాబులు చెప్పగా, బొమ్మల గదిలో నేర్చుకున్నవాటికి 42 శాతమే చెప్పగలిగారు. అది తరగతి గదికి సంబంధించిన చిన్న అధ్యయనం కనుక, దాన్ని పడకగదికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. కానీ మన పట్టణాల ఇళ్లలో పడుకునే గదే చదువుకునే గది కూడా కాబట్టి, కనీసం చదువు బల్ల ఎదుటి గోడనైనా ఖాళీగా వదలడం మేలు.

కాబట్టి గదిని మూడు పొరలుగా ఊహించుకోవడం సులభం. మొదటి పొర గోడలు, నేల, పైకప్పు. ఇవి పదేళ్లకు సరిపోయేలా నెమ్మదైన రంగులో ఉండాలి. రెండో పొర గుడ్డలు, అంటే కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలీబులు. వీటిని రెండు మూడేళ్లకోసారి మార్చవచ్చు. మూడో పొర దీపం, బొమ్మలు, వేలాడదీసే వస్తువులు. ఇవి బిడ్డ మనసు మారినప్పుడల్లా మారతాయి. థీమ్ అంతా రెండు, మూడు పొరల్లో ఉంటే, నాలుగేళ్ల వయసులో ఏనుగులను ప్రేమించిన పిల్లవాడు తొమ్మిదేళ్లకు రైళ్ల వైపు మళ్లినా ఇంటివారు మళ్లీ పెయింటర్‌ను పిలవనక్కరలేదు. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇది మరింత పనికొచ్చే మాట, ఎందుకంటే గోడ ఇంటి యజమానిది అయినా బొంత తమదే కదా.

ఇక కథల సంగతి. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే పదహారో శతాబ్దంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల ఆధ్వర్యంలో వెలిసింది. పెద్దలు దాన్ని పుణ్యక్షేత్రంగా చూస్తే, పండితులు విజయనగర చిత్రకళకు నిలయంగా చూస్తారు. పిల్లల కళ్లతో చూసినప్పుడు మాత్రం అది మరో రకంగా తెరుచుకుంటుంది. ఊరి మొదట్లోనే ఒకే రాతిలో చెక్కిన, 27 అడుగుల పొడవున్న నంది మెడలో గంటలతో ఠీవిగా కూర్చుని ఉంటుంది. లోపల ఏడు పడగల పెద్ద నాగలింగం ఉంది. వంట పూర్తయ్యేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారనే కథను గైడ్లు ఈనాటికీ చెబుతారు. మరో చోట ఒకే ఒంటికి మూడు తలలున్న ఎద్దు శిల్పం కనిపిస్తుంది. ఏ రెండు తలలను చేతితో మూసినా మిగిలిన తలతో అది నిండైన ఎద్దుగానే ఉంటుంది. ఇలాంటి శిల్పం ముందు నిలబడ్డ పిల్లవాడికి బొమ్మ గీయాలని చెప్పనక్కరలేదు, కాగితం, పెన్సిలు అందిస్తే చాలు. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి మంచం పక్కన వేలాడదీస్తే, కొన్న స్టిక్కర్లు ఎన్ని అంటించినా రాని సొంతదనం గదికి వస్తుంది.

లేపాక్షి పైకప్పు చిత్రాల్లో మనునీతి చోళుడి కథ కూడా ఉంది. రాకుమారుడి రథం కింద పడి దూడ చనిపోతే, ఆవు న్యాయగంట మోగించడం, రాజు తన కొడుకునే శిక్షించడానికి సిద్ధపడడం అందులోని కథ. ఇది పడుకునే ముందు చెప్పదగినదేనా అన్నది ఆయా ఇళ్లవారు బిడ్డ వయసును బట్టి తేల్చుకోవలసిన విషయం. కానీ ఆ చిత్రాల రంగులు మాత్రం ఏ వయసుకైనా సరిపోతాయి. సున్నపు పూత మీద మట్టి నుంచీ ఖనిజాల నుంచీ తీసిన కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు వేసి, చుట్టూ నల్లని గీతతో ఆకారాన్ని తేల్చే పద్ధతి అది. కంటిని గుచ్చే మెరుపు ఆ రంగుల్లో లేదు. గోడలకు సున్నపు తెలుపు, కింద మూడడుగుల మేర కావి రంగు, కర్టెన్లకు పసుపు వాడితే గదికి లేపాక్షి రూపు వచ్చేస్తుంది, గోడ మీద ఒక్క దేవుడి బొమ్మ కూడా గీయనవసరం లేదు. లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు, పక్షుల నమూనాలను చీరల అంచులకు వాడుకోవడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే; వాటిలో ఒకదాన్ని పల్చని అట్ట మీద గీసి, గీత వెంట కత్తిరించి, ఆ ఖాళీలోంచి రంగు అద్దితే గోడ పైభాగాన సన్నని అంచు తయారవుతుంది. ఈ అచ్చునే స్టెన్సిల్ అంటారు. తీగకు ఎన్ని పూలుండాలో పిల్లలకే వదిలేయడం మంచిది.

దీపం విషయానికి వస్తే దేశంలో ఏ మూల వెతికినా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటను మించిన చోటు దొరకడం కష్టం. తోలుబొమ్మలాటనే బతుకుతెరువుగా చేసుకున్న కుటుంబాలు ఆ గ్రామంలో తరతరాలుగా ఉన్నాయి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి పల్చన చేసి, లాగి ఎండబెడితే అది వెలుతురును లోపలికి రానిచ్చే పొరలా మారుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగలూ బట్టల అంచులూ ఉన్నచోట చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేసి, చేతులూ తలా కదిలేలా కీళ్ల దగ్గర దారంతో ముడి వేస్తారు. తెర వెనుక దీపం వెలిగించినప్పుడు రంగులు గాజులా మెరవడం, రంధ్రాలు నగల మీది రాళ్లలా తళుక్కుమనడం ఈ పనితనం వల్లనే. రామాయణ, భారత కథలు రాత్రంతా సాగే ఆటలో పిల్లలు నిద్రపోకుండా కూర్చునేది మాత్రం జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్యపాత్రల కోసం. సినిమాలు, టీవీలు వచ్చి ఆటలు తగ్గిపోయాక, అదే తోలుతో అదే ఉలులతో దీపాల కవచాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు, తలుపు తెరలు చేయడం ద్వారా ఈ కళాకారులు నిలదొక్కుకున్నారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం రావడం, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక దక్కడం ఈ కృషికి వచ్చిన గుర్తింపు. ఒక వస్తువు ఫలానా ప్రాంతపు పనితనం వల్లే ఆ గుణాన్ని పొందిందని చట్టపరంగా నమోదు చేయడాన్నే భౌగోళిక సూచిక అంటారు.

పిల్లల గదిలో రాత్రి దీపంగా తోలు కవచం సరిపోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను చీకటి పడ్డాక శరీరంలో పెరుగుతుంది. నీలిఛాయ ఎక్కువగా ఉన్న తెల్లని వెలుగు దాన్ని అణచివేస్తుంది, పసుపు, నారింజ ఛాయల మసక వెలుగు అంతగా అణచదు. మేకతోలు గుండా వచ్చే వెలుగు సహజంగానే తేనె రంగులో ఉంటుంది. అయితే లోపల వాడవలసింది తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు మాత్రమే. పాత ఫిలమెంటు బల్బుల వేడికి తోలు ముడుచుకుపోయి వంకర తిరుగుతుంది. తడి గుడ్డతో తుడవడం కూడా పనికిరాదు, పొడి గుడ్డే వాడాలి. కదిలే కీళ్లున్న చిన్న తోలుబొమ్మ ఒకటి, ఒక పాత తెల్ల పంచె, ఒక దీపం ఉంటే సాయంకాలం కరెంటు పోయినప్పుడు కూడా ఆ గది ఆటస్థలమవుతుంది. గదిని అందంగా ఉంచడం వేరు, గదితో ఆడుకోనివ్వడం వేరు. పిల్లలకు కావలసింది రెండోది.

ఈ ఊళ్లను కలిపే మరో కథ పట్టుది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, ధర్మవరంలో మగ్గాలున్నాయి. మల్బరీ ఆకు తిని సుమారు నాలుగు వారాల్లో నాలుగుసార్లు చర్మం విడిచే పురుగు, ఆ తర్వాత తన చుట్టూ తానే గూడు అల్లుకుంటుంది. మేలు రకం గూటిలో వెయ్యి మీటర్ల దాకా ఒకే పోగు ఉంటుందంటే పిల్లలు నమ్మలేక నోరు తెరుస్తారు. గుడ్డు, పురుగు, గూడు, ఆపైన దారం, చీర: ఈ వరుస ఒక గోడకు సరిపోయే ఇతివృత్తం. పురుగులు గూళ్లు అల్లడానికి వాడే వెదురు చంద్రిక, అంటే చాప మీద సుడులుగా బద్దలు బిగించిన చట్రం, పాతబడ్డాక పట్టు రైతుల దగ్గర తక్కువకే దొరకవచ్చు. దాన్ని శుభ్రంగా కడిగి ఎండబెట్టి గోడకు ఆనిస్తే ఆ సుడుల మధ్య పిల్లలు ఏరుకొచ్చిన ఈకలు, విత్తనాలు, గీసిన బొమ్మలు గుచ్చుకోవచ్చు.

ధర్మవరం నుంచి నేర్చుకోవలసింది ప్రధానంగా రంగుల జత. నిలువు పోగులైన పడుగు ఒక రంగులో, అడ్డపోగులైన పేక మరో రంగులో ఉంటే బట్ట కదిలినప్పుడల్లా ఛాయ మారుతుంది. దీన్నే డబుల్ షేడ్ అంటారు. చీర ఒళ్లు నెమ్మదిగా ఉండి, అంచు గాఢంగా ఉండడం అక్కడి పట్టుకు పేరు తెచ్చిన లక్షణం. పిల్లల గదికి కూడా సరిగ్గా ఇదే కొలత సరిపోతుంది: ఒళ్లు గోడ, అంచు దుప్పటి. పైగా నేత ఇళ్లలో, చీరల అంగళ్లలో రంగులకు ఉన్న పేర్లు పిల్లలకు నేర్పదగిన సంపద: నెమలికంఠం, చిలకపచ్చ, ఉల్లిపొర, వంగపండు, నేరేడు, మామిడిపండు. పెయింటు దుకాణంలో అంకెలతో ఉన్న రంగు పలకను బిడ్డ ముందు పెట్టి, ఏ రంగు దేనిలా ఉందో పేరు పెట్టమంటే ఎంపిక అక్కడే మొదలవుతుంది. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం అన్న నియమం గత శతాబ్దంలో పాశ్చాత్య దుకాణాల్లో స్థిరపడి ఇక్కడికి వచ్చినదే తప్ప, పట్టు పావడాల అంగట్లో ఎన్నడూ లేదు.

పట్టు బట్టను నేరుగా పరుపు మీద పరచడం తెలివైన పని కాదు. ఉతుకు తట్టుకోదు, ధర కూడా ఎక్కువ. పొట్టిదైపోయిన పావడా అంచును విప్పి నూలు కర్టెనుకు కుట్టించడం, అమ్మమ్మ, నాయనమ్మల పాత నూలు చీరలతో బొంత కుట్టించడం మేలైన దారులు. రాయలసీమ ఇళ్లలో బొంత కొత్త వస్తువేమీ కాదు. అందులోని ప్రతి ముక్కా ఎవరిదో, ఏ పెళ్లికి కట్టుకున్నదో చెప్పుకుంటూ పోతే ఒక వంశవృక్షమే తయారవుతుంది.

రైళ్లంటే ఇష్టపడే పిల్లలకు ఈ ఊళ్లే ఒక వరం. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా వస్తాయి. ధర్మవరం నుంచి పాకాల వైపు మరో మార్గం చీలుతుంది. గది చుట్టూ ఒక సన్నని గీత పట్టాలుగా గీసి, పసుపు పలకల మీద నల్లని అక్షరాలతో నిజమైన స్టేషన్ల పేర్లు రాస్తే, చదవడం నేర్చుకుంటున్న బిడ్డకు అది తొలి వాచకం కూడా అవుతుంది. కార్ల మీద మోజున్నవారికి 2019 నుంచి పెనుకొండ మండలం ఎర్రమంచిలో నడుస్తున్న కియా కర్మాగారం, దాని ముందు నుంచి లారీల మీద వరుసగా తరలిపోయే కొత్త కార్లు ఉన్నాయి. కోటలే కావాలంటే, 1565 నాటి యుద్ధం తర్వాత విజయనగర రాజధానిగా మారిన పెనుకొండ కొండ, గగన్‌మహల్ కళ్లెదుటే ఉన్నాయి. ఇక చుక్కల థీమ్ కోసం చీకట్లో మెరిసే స్టిక్కర్లను పైకప్పున ఎలా పడితే అలా అంటించే బదులు, ఒక రాత్రి మిద్దె ఎక్కి సప్తర్షి మండలాన్ని, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలను చూసి వచ్చి ఆ ఆకారంలోనే అంటించడం వల్ల అదే ఖర్చుతో ఆకాశం తెలుస్తుంది.

థీమ్ ఏదైనా కొన్ని జాగ్రత్తల విషయంలో రాజీ పనికిరాదు. సీసం అనే లోహం పెయింట్ల మెరుపు కోసం, త్వరగా ఆరడం కోసం ఒకప్పుడు విరివిగా వాడేవారు. అది పెచ్చులుగానో దుమ్ముగానో పిల్లల నోట్లోకి చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, దానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారతదేశంలో ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి, డబ్బా మీద ఆ వివరం ఉందో లేదో చూసే కొనాలి. పాత ఇంటి తలుపుల మీది పాత పెయింటును పిల్లల దగ్గర గీకించకూడదు. కొత్త పెయింటు వాసనకు కారణమైన ఆవిరులు, అంటే గాలిలో కలిసిపోయే రసాయనాలు, తగ్గేదాకా కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచి బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టాలి. ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక సూచిక ఉన్న బొమ్మలకూ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక లక్కబొమ్మల వంటివి ఈ కోవలోకి వస్తాయి. అంకుడు కర్రతో, సహజ రంగులతో చేసిన ఆ బొమ్మలు అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు మంచివి.

ఒకదానిపై ఒకటిగా ఉండే బంకు మంచాలు ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో మోజుగా కొంటున్నారు. పై మంచానికీ తిరిగే సీలింగ్ ఫ్యానుకూ మధ్య ఎంత దూరముందో కొలవకుండా, ఎత్తైన బీరువాను గోడకు బిగించకుండా ఆ గదిని పిల్లలకు అప్పగించడం ప్రమాదం. ఉయ్యాలలోని బిడ్డ చేతికందే ఎత్తులో దారాలున్న బొమ్మలేవీ వేలాడకూడదు, అది నిమ్మలకుంట బొమ్మైనా సరే.

రోమ్‌లో 1907లో తొలి శిశుగృహం తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి, పిల్లల కొలతలకు తగిన బల్లలు, అరలు ఉండాలని పట్టుబట్టారు. అలంకరణంతా పెద్దల కంటి ఎత్తులో ఉంటే అది అతిథుల కోసం చేసిన గది అవుతుంది. పని మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులు ఒకసారి నేల మీద కూర్చుని నాలుగు గోడలూ చూడడం అవసరం. లేపాక్షిలో అసంపూర్తిగా నిలిచిన కల్యాణ మండపంలో పైకప్పు లేని స్తంభాల మధ్యే పిల్లలు ఎక్కువగా పరుగులు తీస్తుంటారు. గదిలోనూ ఒక మూలనైనా పూర్తి చేయకుండా, కింది భాగాన నల్లబల్ల పెయింటు మాత్రం వేసి, సుద్దముక్కలతో సహా వదిలేయాలి. మళ్లీ ఎప్పుడైనా రంగులు వేయించేటప్పుడు, తలుపు చట్రం మీద పుట్టినరోజు పుట్టినరోజుకూ పెన్సిలుతో గీసిన ఎత్తు గీతలున్న ఆ ఒక్క కర్రను ముట్టుకోవద్దని పెయింటర్‌కు ముందే చెప్పి ఉంచాలి.